ఇరవై మూడు మిల్లీమీటర్లు

మా భవనం కదులుతోందన్న సంగతి నోటీసు వచ్చేదాకా మాకెవరికీ తెలియదు.

ఇరవై రెండేళ్లుగా నేను పాతబస్టాండు వాణిజ్య సముదాయంలో, ఒకటో నంబరు కొట్లో, ఒకే కుర్చీలో కూర్చుని వ్యాపారం చేస్తున్నాను. మొదట్లో కెమెరాలు, ఫిలిం రీళ్లు అమ్మాను. వాటి కాలం అయిపోగానే సెల్‌ఫోన్లలోకి దిగాను. ఆ కుర్చీ ఏనాడూ నన్ను ఇటు గాని అటు గాని తీసుకెళ్లలేదు. కాని నోటీసు మీద గుండ్రటి ముద్ర ఉంది, కింద సంతకం ఉంది. నా అనుభవం మీద ఆ రెండూ లేవు.

నోటీసు ఇలా సాగింది:

"విషయం: పాతబస్టాండు వాణిజ్య సముదాయము - అనధికార చలనము - కూల్చివేత - గురించి. పై భవనము గడచిన మూడు వారములలో వరుసగా పద్నాలుగు, పందొమ్మిది, ఇరవై మూడు మిల్లీమీటర్లు కదిలినట్లు శాఖాపరముగా నిర్ధారణ అయినది. భవనము కదలకుండుటకు మీరు తీసుకొనిన చర్యలేమిటో పదిహేను దినములలో తెలుపవలెను. కదలిక ఆగని యెడల పదహారవ దినమున కూల్చివేయబడును."

ఎనిమిది కొట్ల వాళ్లం నా కొట్టు ముందు చేరాం. నేను గట్టిగా చదివి వినిపించాను. ఎనిమిదో నంబరులో ఇడ్లీలు అమ్మే గవరమ్మ అంతా విని, కొంగుతో చేయి తుడుచుకుని అడిగింది.

"మనం ఏ పక్కకి ఎల్తన్నాం, షావుకారు బాబూ?"

"ఏ పక్కకో రాయలేదు."

"కొత్త బస్టాండు పక్కకైతే ఎల్లనియ్యండి. బేరం పెరుగుద్ది."

నోటీసు ఇచ్చింది భవన చలన పర్యవేక్షణ విభాగం. ఆ విభాగం పుట్టుక గురించి రెండు మాటలు చెప్పాలి. వెనకటికి అధికారులు కుర్చీలోంచి లేవకుండానే ఫలానా భవనం చూశాం, బాగుంది అని రాసేవారట. దాని మీద ఫిర్యాదులు వచ్చాయి. ఇక ఎవరి మాటా నమ్మనక్కర్లేదు, ఫోటో చెబుతుంది అని ప్రభుత్వం కొత్త పద్ధతి పెట్టింది. ఇప్పుడు కూడా అధికారులు కుర్చీలోంచి లేవరు, కాని ఎదురుగా ఫోటో ఉంటుంది.

పద్ధతి ఇది. ప్రతి భవనానికి ఎదురుగా, రోడ్డుకు అవతల, పసుపు రంగుతో ఒక గుండ్రటి గీత గీస్తారు. సోమవారం పొద్దున్న సరిగ్గా ఐదుంబావుకు మొదలుపెట్టి, అంటే బస్సులూ లారీలూ తిరగక ముందు, భవనం 'విశ్రాంత స్థితి'లో ఉన్నప్పుడు, శాఖ ఉద్యోగి ఆ గుండ్రంలో నిలబడి, శాఖ ఇచ్చిన ఫోనుతో మూడు ఫోటోలు తీస్తాడు. స్టాండు వాడకూడదు. నిబంధనలో 'చేతితో' అని ఉంది. జిల్లా కేంద్రంలోని కంప్యూటరు ఆ మూడింటినీ ఒకదాని మీద ఒకటి పరిచి, గోడల అంచులు ఎంత తేడాగా పడ్డాయో కొలుస్తుంది. ఆ తేడాయే భవనం కదలిక.

ఈ లెక్కలో కదలగలిగినవి రెండున్నాయి, భవనం ఒకటి, ఫోటో తీసే చేయి ఒకటి. శాఖ మొదటిదాన్నే లెక్కలోకి తీసుకుంది.

మా ఊళ్లో ఫోటోలు తీసే ఉద్యోగి గేదెల పైడిరాజు. వర్క్ ఇన్‌స్పెక్టరు. రిటైరు కావడానికి ఇంకా ఎనిమిది నెలలున్నాయి. నాకు పాత ఖాతాదారు. నోటీసు వచ్చిన సాయంత్రం రీచార్జికి వచ్చాడు. తన నంబరు తానే కొట్టబోయి ఐదు దగ్గర ఎనిమిది, ఎనిమిది దగ్గర సున్నా నొక్కాడు. మూడుసార్లు చెరిపాడు. చివరికి ఫోను నా ముందుకు తోశాడు.

"నువ్వే కొట్టీ, షావుకారూ."

నేను అతని ముఖం చూడలేదు, కుడి చెయ్యి చూశాను. గాజు బల్ల మీద ఆనించి ఉన్నా వేళ్లు ఆడుతూనే ఉన్నాయి.

"ఎన్నాళ్ల నుంచి?" అన్నాను.

"ఏటి ఎన్నాళ్లు?"

"పైడిరాజూ, నేను ఇరవై రెండేళ్లుగా ఫోటోల సరుకు అమ్ముతున్నాను. భవనం కదిలిన ఫోటో ఎలా ఉంటుందో నాకు తెలియదు, అలాంటిది చూడలేదు. చెయ్యి కదిలిన ఫోటో మాత్రం వేలల్లో చూశాను."

అతను వెనక్కి తిరిగి చూసి, స్టూలు లాక్కుని కూర్చున్నాడు. "ఏడాది బట్టీ. డాక్టరు నరం అన్నాడు. మాత్రలేసుకుంతన్నాను. పగలు పరవానేదు గాని తెల్లారిపూట మరీ ఆడుద్ది."

"ఆఫీసులో చెప్పొచ్చు కదా."

"సెప్తే? అన్‌ఫిట్ అని ఇంటికి తోలీస్తారు. అప్పుడు నాను కదిలిందని పంపిన భవనాల సంగతేటి అంతారు. పదకొండు భవనాలు నా సేతిలో ఉన్నాయి. పశువుల ఆస్పత్రి గోడ అప్పుడే కూల్చీసినారు గదా."

ఆ గోడ సంగతి ఊరందరికీ తెలుసు. కదులుతోందని కూల్చడానికి వెళ్తే రెండు రోజుల పాటు యంత్రానికి లొంగలేదు.

"మొదటి అంకె ఎల్లిన కాణ్ణించీ బయమేస్తంది. బయమేస్తే ఇంకా ఎక్కువ ఆడుతంది. పద్నాలుగు పందొమ్మిదయింది అందుకే," అన్నాడు పైడిరాజు. "నీ కొట్టు పోతే నా వల్లేనని నాకు తెల్దా. సెప్పేస్తే నా ఉజ్జోగం పోద్ది. సెప్పకపోతే మీ ఎనిమిది కొట్లూ పోతాయి. ఏటి సెయ్యమంటావో సెప్పు."

నేను లెక్క వేశాను. ఒక పక్క ఎనిమిది కుటుంబాలు, ఒక పక్క ఒక్కడు. అంకెల ప్రకారం జవాబు తేలికే. కాని ఆ ఒక్కడు ఎదురుగా స్టూలు మీద కూర్చుని ఉంటే తేలిక కాదు. రెండు వైపులా నష్టం రాని బేరం ఉందేమో చూడాలి.

బీరువాలోంచి కొత్త ఫోను తీశాను. "ఇది చూడు. దీని లోపల అద్దం ఉయ్యాల్లో పెట్టినట్టు ఉంటుంది. నీ చెయ్యి కుడికి లాగితే అది ఎడమకు జరుగుతుంది, కిందికి లాగితే పైకి జరుగుతుంది. సెకనుకు వేలసార్లు చూసుకుంటుంది. వెలుతురు తక్కువైతే కెమెరా కన్ను ఎక్కువసేపు తెరిచి ఉండాలి. మీ ఫోనుతో ఫోటో పాడయ్యేది అప్పుడే, ఎందుకంటే అందులో ఈ ఉయ్యాల లేదు. ఈ ఫోను అసలు పనికొచ్చేదీ అప్పుడే."

కొట్లో ఒక లైటు ఆర్పి, అతని చేతే ఎదురుగోడ మీది క్యాలెండరు ఫోటో తీయించాను. శాఖ ఫోనులో తారీఖులన్నీ చీమల బారులా అలుక్కుపోయాయి. కొత్త ఫోనులో ఏకాదశి కూడా చదవొచ్చు.

పైడిరాజు రెండు ఫోటోలూ చాలాసేపు చూశాడు. "నా సెయ్యి తీసిందేనా ఇది," అన్నాడు.

మర్నాడు రెండు ఫోన్లూ సంచిలో వేసుకుని జిల్లా కేంద్రానికి వెళ్లాను. శాఖ ఫోను పైడిరాజుది. మరమ్మతుకు ఇచ్చినట్టు రాయించుకున్నాను. విభాగాధిపతి వేమకోటి సుదర్శనం గారు. పరదాలు వేసి చీకటి చేసిన చల్లటి గదిలో, గోడంత తెర ముందు కూర్చుని ఉన్నారు. తెర మీద మా భవనం ఉంది. అంచులన్నీ రెండేసి ఉన్నాయి.

"అయ్యా, భవనం కదలట్లేదండి. తెల్లవారకట్ల వెలుతురు చాలదు. ఎవరి చెయ్యి అయినా కాస్త కదులుతుంది," అన్నాను. పైడిరాజు పేరు ఎత్తలేదు.

"మా సిబ్బంది చేతులు కదలవు. నియామక సమయంలో వైద్య పరీక్ష నిర్వహించడం జరిగింది."

"ఎప్పుడండీ?"

"నియామక సమయంలో," అన్నారాయన, రెండోసారి చెప్పవలసి వచ్చినందుకు కొంచెం నొచ్చుకుంటూ.

అంకె మీద నమ్మకమున్న మనిషికి అంకెతోనే చెప్పాలి. "ఒక్కసారి తమరే తీసి చూడండి. ఈ ఎదురుగోడ తీయండి, చాలు," అని శాఖ ఫోను అందించాను.

ఆయన కూర్చున్న చోటి నుంచే మూడు ఫోటోలు తీశారు. కంప్యూటరు కాసేపు ఆలోచించి తెర మీద అంకె వేసింది. ముప్పై ఒకటి.

సుదర్శనం గారు తన చేతి వైపు చూసుకుంటారని నేను ఎదురు చూశాను. ఆయన గోడ వైపు చూశారు. మెల్లగా లేచి, గోడకు దూరంగా జరిగి, గంట కొట్టారు.

"ఈ భవనం కూడా," అన్నారు లోపలికి వచ్చిన గుమాస్తాతో. "సిబ్బందిని తక్షణం ఖాళీ చేయించండి. ముఖ్యమైన ఫైళ్లు ముందు, మనుషులు తరవాత."

"అయ్యా, ఒక్క నిమిషం," అని నా ఫోనుతో అదే గోడ తీసి చూపించాను. అంచు దారం లాగినట్టు ఉంది. "చూడండి, ఇందులో కదలట్లేదు."

"మీ ఫోను కదలికను దాస్తోంది. కదిలే గోడను నిశ్చలంగా చూపించే పరికరం సాక్ష్యాన్ని తారుమారు చేసే పరికరం. ఇది తీవ్రమైన విషయం."

"దాయదండి," అని ఫోను పైకెత్తి, తిరుగుతున్న ఫ్యాను ఫోటో తీశాను. "చూడండి, ఫ్యాను రెక్కలు తిరుగుతున్నట్టే పడ్డాయి. పక్కన పైకప్పు నిలబడే ఉంది. నిజంగా తిరిగేదాన్ని ఇది ఆపలేదు. ఆపింది నా చేతి కదలికను ఒక్కదాన్నే."

ఆయన ఫోటోను శ్రద్ధగా పరిశీలించారు. "ఫ్యాన్లు విద్యుత్ విభాగం పరిధిలోకి వస్తాయి," అన్నారు.

"పోనీ ఇన్‌స్పెక్టర్లకు ఇలాంటి ఫోన్లు ఇప్పించొచ్చు కదండీ."

"భవనాన్ని ఆపడానికి మా శాఖలో పద్దు ఉంది. ఫోను మార్చడానికి లేదు. ఉన్న పద్దు మేరకు సమస్యను గుర్తించడమే పరిపాలన." గుమ్మం దాటబోతూ ఆగి, "మీ భవనానికి సహాయక చర్యలు మంజూరు చేస్తాను," అన్నారు.

ఆ సాయంత్రమే జిల్లా కార్యాలయం పెరట్లోని షామియానా కిందికి మారింది.

మూడో రోజు మా సముదాయానికి లారీ సరుగుడు కర్రలు వచ్చాయి. అరవై నాలుగు కర్రలు ముందు గోడకు ఏటవాలుగా ఆనించి పాతారు. నా కొట్లోకి రావాలంటే నడుం వంచాలి. గవరమ్మ కొట్లోకి పోవాలంటే పక్కకు తిరిగి పోవాలి. కర్రల మీద ఒక బోర్డు కూడా కట్టారు. భవనంలో నలుగురి కంటే ఎక్కువమంది ఉండరాదు. వేగంగా నడవరాదు. రుబ్బడం, దంచడం నిషేధం. బిగ్గరగా బేరమాడరాదు. ఫోన్లను వైబ్రేషన్‌లో ఉంచరాదు.

ఆఖరి నిబంధనతో నా పని పెరిగింది. వచ్చిన ప్రతివాడి ఫోనూ తీసుకుని వైబ్రేషన్ తీసేసి ఇవ్వాలి. తీసేటప్పుడు పగిలిన అద్దం కనిపించేది, కొత్త అద్దం వేయించుకునేవారు. కదిలే భవనం చూడ్డానికి చుట్టుపక్కల ఊళ్ల నుంచి ఆటోల్లో జనం దిగారు. వచ్చినవాళ్లు ఎదుట నిలబడి, ఒక కన్ను మూసి, కరెంటు స్తంభంతో పోల్చి చూసుకునేవారు.

"కదిలింది, ఇప్పుడే కదిలింది," అని ఒకడనేవాడు.

"నువ్వు కదిలినావురా," అని పక్కవాడనేవాడు. ఆ సముదాయం ముందు నిజం పలికింది అతనొక్కడే, కాని అతనికి ముద్ర లేదు.

గవరమ్మ ఇడ్లీలు పొద్దున్న ఎనిమిదికే అయిపోయేవి. రుబ్బు నిషేధం కనుక పిండి వాళ్ల అక్క ఇంట్లో రుబ్బించి తెచ్చేది. "పడిపోద్దన్నాక బేరం ఇలగుంది. ముందే అని ఉంటే ఇల్లు కట్టుకుందును," అంది.

కాని ఆ తరవాతి సోమవారం అంకె ఇరవై తొమ్మిది వచ్చింది. అరవై నాలుగు కర్రలు చూసి పైడిరాజు చెయ్యి మరింత బెదిరింది మరి. శాఖ నుంచి ఆఖరి ఉత్తర్వు వచ్చింది. పై సోమవారం చివరి ఫోటో. కదలిక కనిపిస్తే అక్కడికక్కడే కూల్చివేత. యంత్రం ముందే తెచ్చి ఉంచుతారు.

శనివారం పైడిరాజు మళ్లీ వచ్చాడు. గడ్డం మాసి ఉంది. "సోమారం ఫోటో తియ్యను. ఆలకే సెప్పీస్తాను. ఎనిమిది నెలలు పోతే పోనీ," అన్నాడు.

"మీ శాఖ నిబంధనల పుస్తకం ఉందా?"

"ఉంది. ఎవుడూ సదవడు."

"తీసుకురా."

నలభై పేజీల పుస్తకం. ఏ సరుకు కొన్నా గ్యారంటీ కాగితం చివరి దాకా చదవడం నాకు అలవాటు. మనకు పనికొచ్చే మాట చిన్న అక్షరాల్లోనే ఉంటుంది. ముప్పై రెండో పేజీలో దొరికింది: "విధి నిర్వహణలో ఫోను పనికిరాకుండా పోయిన యెడల, కొత్తది మంజూరగు వరకు స్థానిక విక్రేత నుండి తత్సమానమైన లేక అంతకు మెరుగైన ఫోనును అరువు తీసుకొని వాడవచ్చును."

ఇద్దరం శాఖ ఫోను వైపు చూశాం.

"నీ చేతిలోంచి ఎప్పుడైనా జారిందా?" అన్నాను.

"దినానికి నాలుగుసార్లు జారుద్ది."

"ఇప్పుడు జారనీ."

జారింది. ఆ చేతికి బాగా వచ్చిన పని అది. కాని ఫోనుకు ఏమీ కాలేదు. మళ్లీ జారింది. మెట్టు మీంచి జారింది. స్టూలు ఎక్కి చెయ్యి చాపితే అక్కణ్ణించీ జారింది. శాఖ ఫోన్ల టెండరులో మంచి సరుకు ఒక్కటే కొన్నారు, అది ఆ ఫోను పైతొడుగు. నా కొట్లో ఫోను పగలాలని నేను కోరుకోవడం అదే మొదటిసారి. చప్పుడుకి గవరమ్మ వచ్చింది.

"భవనం కదుల్తందా?" అంది.

సంగతి చెప్పాం. చెప్పక తప్పలేదు. ఆమె పైడిరాజు చేతి వైపు ఒకసారి చూసి, మరేమీ అడగకుండా ఫోను తీసుకుని వెళ్లింది. ఐదు నిమిషాల్లో తిరిగి వచ్చింది. ఫోను పల్చగా అయింది.

"మరమరాల బస్తాకి ఒత్తుగా పెడదామని తిరగలి దించినాను. దాని కిందకెలా ఎల్లిందో తెల్దు. దంచొద్దన్నారు గాని దించొద్దన్నేదు గదా," అంది.

సోమవారం ఐదింటికే నేను కూడా వెళ్లాను. రోడ్డు అవతల పసుపు గుండ్రం, ఇవతల కర్రల మధ్య మా ఎనిమిది కొట్లు, పక్కన కూల్చే యంత్రం. దాని డ్రైవరు గవరమ్మ దగ్గర తొలి వాయి ఇడ్లీలు తింటున్నాడు. మంచు పడుతోంది, వెలుతురు సగమే ఉంది. పైడిరాజు చెప్పులు విప్పి పక్కన పెట్టాడు, ఆకుపచ్చ తువ్వాలు తలకు చుట్టుకున్నాడు, జీలకర్ర నాలుగు గింజలు నోట్లో వేసుకున్నాడు. సింహాద్రి అప్పన్నను తలుచుకుని, నేను అరువిచ్చిన కొత్త ఫోను పైకెత్తాడు. చెయ్యి ఆడుతోంది. తువ్వాలు కొస కూడా ఆడుతోంది. మూడుసార్లు నొక్కాడు.

పావుగంటకు ఫలితం వచ్చింది. పైడిరాజు చదవలేక నాకిచ్చాడు. సున్నా.

ఆ రోజు పదకొండు భవనాల ఫోటోలు తీశాడు. కూల్చేసిన పశువుల ఆస్పత్రి గోడ పునాదితో సహా అన్నీ సున్నా. డ్రైవరు ఇంకో రెండు ఇడ్లీలు తిని యంత్రం వెనక్కి తిప్పుకున్నాడు.

కథ అక్కడితో అయిపోవాలి. కాని శాఖకు సున్నా రావడం అలవాటు లేదు. బుధవారం సుదర్శనం గారు జీపులో స్వయంగా దిగారు. షామియానా కింద ఉండి ఉండి ఎండకు నల్లబడ్డారు.

"వారం క్రితం ఇరవై తొమ్మిది మిల్లీమీటర్లు కదిలిన భవనం హఠాత్తుగా ఆగిపోయింది. ఆ ఇరవై తొమ్మిది ఎక్కడికి వెళ్లినట్టు?" అని నన్ను అడిగారు.

"నా దగ్గర లేవండి," అన్నాను.

కర్రలన్నీ లెక్కపెట్టించి, వాటి వల్లే ఆగి ఉండవచ్చని మొదట రాసుకున్నారు. కాని మిగతా పది భవనాలకు కర్రలు లేవు. చివరికి, అన్నిచోట్లా ఉన్నది పైడిరాజు ఒక్కడేనని గుర్తించి అతన్ని జిల్లా కేంద్రానికి తీసుకెళ్లారు. అతను కార్యాలయం గోడ ఫోటో తీశాడు. సున్నా. సిబ్బంది షామియానా వదిలి గదుల్లోకి వెళ్లారు, ఫైళ్లు ముందు.

తరవాత 'గేదెల పద్ధతి' మీద ఒక కమిటీ వేశారు. ఇద్దరు సభ్యులు వారం రోజులు పైడిరాజు వెంట తిరిగి ఇరవై ఒక్క అంశాలు నమోదు చేశారు. చెప్పులు విప్పుట. ఆకుపచ్చ తువ్వాలు ధరించుట. జీలకర్ర, గింజలు నాలుగు. దైవనామస్మరణ, ఒకమారు, పెదవులు కదలకుండా. ఇరవై ఒకటో అంశం ఫోను. ఏ అంశం వల్ల భవనాలు ఆగుతున్నాయో తేల్చడానికి కమిటీకి వ్యవధి చాలలేదు. కనుక మొత్తం ఇరవై ఒకటీ జిల్లా అంతటా అమలు చేయాలని సిఫారసు చేసింది. నేను ఎంత వివరంగా చెప్పినా ఒప్పుకోని ఫోను, జీలకర్ర పక్కన కూర్చుని మంజూరైపోయింది. జిల్లాలోని మిగతా ముప్పై తొమ్మిది మంది ఇన్‌స్పెక్టర్లకూ ఫోన్లు నా కొట్టు నుంచే వెళ్లాయి. తువ్వాళ్లు మూడో నంబరు కొట్టు నుంచి.

శిక్షణ శిబిరం జిల్లా కేంద్రంలోని ఆటస్థలంలో పెట్టారు. గురువు పైడిరాజు. ఫోన్లు సరఫరా చేసినవాణ్ని కనుక నాకూ కుర్చీ వేశారు. మిట్టమధ్యాహ్నం. ముప్పై తొమ్మిది మంది ఆకుపచ్చ తువ్వాళ్లతో, చెప్పుల్లేకుండా, వేడి నేల మీద కాళ్లు మార్చి మార్చి నిలబడ్డారు. వేదిక మీద సుదర్శనం గారు మైకు అందుకున్నారు.

"స్థిరత్వం అనునది ముందుగా హస్తంలో ఉండాలి. గేదెల పైడిరాజు గారు ఇప్పుడు నిండు గ్లాసు నీటిని అరచేతిలో ఒక నిమిషం పాటు నిలిపి చూపిస్తారు."

ఇది కార్యక్రమం కాగితంలో లేదు. పైడిరాజు నా వైపు చూశాడు. నేను ఏ బేరం ఆలోచించేలోగానే ఎవరో గ్లాసు తెచ్చి అతని చేతిలో పెట్టారు.

నీళ్లు నిలవలేదు. మొదటి పది సెకన్లలో పావు గ్లాసు వేదిక మీద పడింది. ఇంకో పావు ముందు వరసలో ఉన్న ఇద్దరి చొక్కాల మీద పడింది. గ్లాసు అంచు అతని ఉంగరానికి తగిలి టకటకమంటుంటే మైకులోంచి ఆ చప్పుడు మైదానమంతా వినిపించింది. అందరూ చూశారు.

పైడిరాజు గ్లాసు బల్ల మీద పెట్టి మైకు దగ్గరికి వంగాడు.

"అయ్యా, నాది వణికే సెయ్యండి. ఏడాది బట్టీ వణుకుతంది. ఆ కొట్లు ఎప్పుడూ కదల్నేదు. పశువుల ఆస్పత్రి గోడా కదల్నేదు. మీ ఆఫీసూ కదల్నేదు. ఈ కొత్త ఫోను సెయ్యి వణుకు సరిసేస్తంది, అంతే. జీలకర్ర నాకు కడుపుబ్బరానికి."

 ఏ ముఖ్య విషయంలోనైనా చేసే పనే సుదర్శనం గారు అప్పుడూ చేశారు. కొత్త ఫోను తీసుకుని, పైడిరాజును మళ్లీ గ్లాసు పట్టుకోమని, మూడు ఫోటోలు తీశారు. మిట్టమధ్యాహ్నపు ఎండలో ఎగిరే కాకి కూడా ఫోటోలో మేకు కొట్టినట్టు నిలబడుతుంది. చెయ్యి స్పష్టంగా పడింది. ఇక ఆ కంప్యూటరుకు గోడలు తప్ప చేతులు తెలియవు. పైడిరాజు వెనక ఉన్న వేదిక గోడను కొలిచి అంకె వేసింది. ఆయన అంకెను మైకులో చదివారు.

"సున్నా."

ముందు వరసలో తడిసిన చొక్కావాడు చెయ్యెత్తాడు. "సార్, గ్లాసులో నీళ్లు సగమే ఉన్నాయండి."

"ఎండ తీవ్రత," అన్నారు సుదర్శనం గారు. "ఆవిరి." పక్కన గుమాస్తా రాసుకున్నాడు.

తరవాత ఆయన పైడిరాజు భుజం మీద చెయ్యి వేశారు. "మీరంతా విన్నారు. ఇంతటి నైపుణ్యం ఉండి కూడా ఘనతంతా ఒక ఫోనుకు ఆపాదించారు. నేనేమీ కాను అన్నారు. ఇదే ఇరవై రెండో అంశం. వినయం. రేపటి నుంచి అందరూ పాటించాలి." చప్పట్లు కొట్టారు. తడిసినవాళ్లు కూడా కొట్టారు. పైడిరాజుకు శాలువా కప్పి, రిటైరయ్యేదాకా అతన్ని ఏ వైద్య పరీక్షకూ పంపనక్కర్లేదన్న ఉత్తర్వు చదివి, పటం కట్టిన ప్రశంసాపత్రం చేతిలో పెట్టారు. అది కూడా కాస్త వణికింది.

తిరుగు బస్సులో పైడిరాజు కిటికీ పక్కన కూర్చున్నాడు. ప్రశంసాపత్రం ఒళ్లో ఉంది. రెండు ఊళ్లు దాటేదాకా బయటికే చూస్తూ ఉన్నాడు. నా లెక్కలో కొట్లు మిగిలాయి, ఉద్యోగం మిగిలింది, జిల్లా అంతటా మంచి ఫోన్లు వచ్చాయి. అయినా అతను బాధపడుతున్నాడేమోనని అనుమానం వచ్చింది.

"ఏమైంది?" అన్నాను.

"ఏటీ కాలేదు. ఏడాది బట్టీ కడుపులో ఉన్నది సెప్పీసినాను, షావుకారూ. మైకులో సెప్పీసినాను," అని నవ్వాడు. "సెప్పడం నా పని. ఇనకపోడం ఆల డ్యూటీ, ఆలు సేసినారు."